‘వాతావరణం పడలేదు’ అనే మాట వెనక

మాది తాడిపత్రి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య పెరిగాను. సాయంత్రానికి జుట్టు తెల్లబడేది. ఎక్కడ వేలు పెట్టినా పేరు రాసుకునేంత దుమ్ము. అక్కడున్న ఇరవై రెండేళ్లలో దుమ్ముకు తుమ్మిన గుర్తు లేదు. 2012లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఒక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, దిగాను. రెండో ఏడాది చలికాలంలో మొదలైంది. పొద్దున కళ్లు తెరవగానే వరసగా పదిహేను, ఇరవై తుమ్ములు. ముక్కులోంచి కుళాయి విప్పినట్టు నీళ్లు. అంగిట్లో దురద, చెవుల లోపల దురద. పదకొండయ్యేసరికి ఏమీ జరగనట్టు మామూలైపోయేవాణ్ణి. పక్క మంచం మీది ఒంగోలు కుర్రాడికి అలారం అక్కర్లేకపోయింది, నా ఎనిమిదో తుమ్ముకు లేచేవాడు.

ఎవరికి చెప్పినా ఒక మాట సిద్ధంగా ఉండేది. ఆఫీసులో తెలుగువాళ్లంతా “బెంగళూరు వాతావరణం పడలేదు” అన్నారు. ఒకాయన “సైనస్ ఉన్నట్టుంది” అన్నాడు. మెడికల్ షాపతను “నెగడి” అని కన్నడంలో తేల్చేసి, అంటే జలుబే అని, మూడు రోజుల మాత్రలు పొట్లం కట్టిచ్చాడు. అమ్మ ఫోన్‌లో “పెరుగు మానెయ్ నాయనా” అంది. ఊళ్లో చిన్నాయన మాత్రం కొంచెం సేపు ఊరుకుని, “నాకూ ఇట్లే మొదలైంది రా” అన్నాడు. ఆయనకు ఉబ్బసం.

ఒక్క ముక్కుకు ఇన్ని పేర్లు. అందరూ మంచికే చెప్పారు, కానీ ఒక్కో పేరుకు ఒక్కో మందు ఉంది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, కొన్నిసార్లు చెడగొడుతుంది. ఈ చిక్కుముడి విప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అంత పట్టాల్సిన పని లేదు.

ముందు జలుబు సంగతి. పడిశం పది రోగాల పెట్టు అని మనవాళ్లు అన్నారు గానీ, అసలైన జలుబు చాలా మర్యాదస్తురాలు. వస్తుంది, వారం పది రోజులు ఉంటుంది, పోతుంది. దాన్ని తెచ్చేవి వైరస్‌లు. ఒక్క రైనోవైరస్‌లోనే నూటికి పైగా రకాలున్నాయి, అందుకే ఒకసారి వచ్చినా మళ్లీ మళ్లీ వస్తుంది. పెద్దవాళ్లకు ఏడాదికి రెండు మూడు సార్లు, చిన్నపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది సార్లు రావడం మామూలే. గొంతు గరగరతో మొదలై, ఒళ్లు నొప్పులు, కాస్త వెచ్చదనం, తర్వాత ముక్కు కారడం. మొదట నీళ్లలా ఉన్న చీమిడి రెండు మూడు రోజులకు చిక్కబడి పచ్చగా మారుతుంది. ఈ పచ్చరంగు చూసి కంగారుపడి యాంటీబయాటిక్ కొనేవాళ్లు మన ఇళ్లల్లో లెక్కలేనంతమంది. ఆ రంగు వైరస్‌తో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్ వల్ల వస్తుంది. రంగొక్కటి చూసి బాక్టీరియా ఉందని చెప్పలేం. వైరస్ మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏమీ చేయదు. మందేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందనే పాత జోకులో పూర్తి వైద్యశాస్త్రం ఉంది.

జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ చాలు. జలుబు మాత్రల్లో కలిపే ఫినైల్‌ఎఫ్రిన్‌ను మాత్రగా మింగితే ముక్కుదిబ్బడ తగ్గదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం తేల్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును 4 ఏళ్లలోపు పిల్లలకు వాడొద్దని సీసాల మీద రాయించమన్నారు. ఇంట్లో పిల్లల సిరప్ ఉంటే లేబుల్ ఒకసారి చూసుకోండి.

నాది జలుబు కాదని ఎలా తెలుస్తుంది? ఇప్పుడు వెనక్కి చూస్తే సాక్ష్యాలన్నీ కళ్లెదుటే ఉన్నాయి. జ్వరం లేదు. ఒళ్లు నొప్పులు లేవు. నీళ్లు ఎన్నాళ్లైనా నీళ్లలాగే కారాయి. అన్నిటికన్నా ముఖ్యం దురద. ముక్కు, కళ్లు, అంగిలి, చెవులు, అన్నీ దురద. జలుబులో తుమ్ములు ఉంటాయి గానీ ఇంత దురద ఉండదు. పది రోజుల్లో పోవాల్సింది మూడు నెలలు ఉంది. రోజూ ఒకే వేళకు వచ్చి ఒకే వేళకు పోయింది. వైరస్‌కు టైమ్‌టేబుల్ ఉండదు. పిల్లల్లో ఇంకో గుర్తు ఉంటుంది. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటూ ఉంటారు, చూడ్డానికి సెల్యూట్ కొడుతున్నట్టు. అలా రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. కళ్ల కింద నల్లగా ఉంటుంది. రాత్రి నోరు తెరిచి నిద్రపోతారు. “వీడికి ఎప్పుడూ జలుబే” అనే ఇళ్లల్లో ఈ పిల్లలు ఉంటారు.

దీని పేరు అలర్జిక్ రైనైటిస్. 1819లో జాన్ బోస్టాక్ అనే ఇంగ్లిష్ వైద్యుడు తన సొంత ముక్కు, కళ్ల బాధను పూసగుచ్చినట్టు రాసి వైద్యుల సభలో చదివాడు. ‘అలర్జీ’ అనే మాట మాత్రం 1906లో పుట్టింది, వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టిన పేరు. లోపల జరిగేది ఏమిటంటే, మన శరీరం ఒక అమాయకమైన ప్రొటీన్‌ను శత్రువని పొరబడుతుంది. మొదటిసారి ఎదురైనప్పుడు పైకి ఏమీ కనిపించదు. లోపల దానికోసం ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై, మాస్ట్ కణాల మీద కాపలాకు కూర్చుంటాయి. తర్వాత అదే ప్రొటీన్ మళ్లీ ముక్కులోకి వస్తే ఆ కణాల్లోంచి హిస్టమిన్ అనే రసాయనం బయటికొస్తుంది. నిమిషాల్లో దురద, తుమ్ములు, నీళ్లు. నాలుగైదు గంటల తర్వాత రెండో దెబ్బ పడుతుంది. ఈసారి వేరే కణాలు వచ్చి చేరి ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది. ఈ రెండు దెబ్బల సంగతి గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర పనికొస్తుంది.

కొత్త ఊరికి వచ్చిన మొదటి ఏడాది బాగానే ఉండి రెండో ఏడాదో మూడో ఏడాదో మొదలవడానికి కారణం కూడా ఇదే. ఆ కాపలా కూర్చోవడానికి సమయం పడుతుంది. “వచ్చిన కొత్తలో రాలేదు కదా, ఇప్పుడెందుకొచ్చింది” అని తల పట్టుకోనక్కర్లేదు.

అయితే తాడిపత్రి దుమ్ముకు రాని తుమ్ము బెంగళూరు దుమ్ముకు ఎందుకొచ్చింది? ఇక్కడే ‘డస్ట్ అలర్జీ’ అనే మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. రాతిపొడికి అలర్జీ రాదు, అందులో ప్రొటీన్ ఉండదు కాబట్టి. రాతిపొడి మంచిదని కాదు. కొన్ని రకాల రాతిపొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అది వేరే కథ, ఇంకా ఘోరమైన కథ. ఇంట్లో దుమ్ములో అలర్జీ తెచ్చేది కంటికి కనిపించని దుమ్ము పురుగు, డస్ట్ మైట్. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని మలంలో ఉండే ప్రొటీనే మనకు పడనిది. పరుపులు, దిండ్లు, సోఫాలు, కర్టెన్లు దాని కాపురాలు. ఎండవేడి, పొడిగాలి దానికి చావు. ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల చల్లదనం, గాలిలో తేమ దానికి స్వర్గం. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, ఏడాదిలో ఎక్కువ రోజులు ఫ్యాన్ కూడా అక్కర్లేని ఊరు ఏదో చెప్పనక్కర్లేదు. మనం ఏ హాయి కోసం బెంగళూరును మెచ్చుకుంటామో ఆ పురుగూ దానికోసమే మెచ్చుకుంటుంది.

నా పీజీ పరుపు నాకు ముందు ఎంతమంది వాడారో లెక్క లేదు. గదికి ఒకే కిటికీ, అది పక్క బిల్డింగ్ గోడకు రెండడుగుల దూరంలో తెరుచుకునేది. ఎండ అనేది ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. రాత్రంతా ముఖం ఆ దిండులో. పొద్దున తుమ్ములు ఎందుకో ఇంకా అడగాలా? ఊళ్లో అమ్మ నెలకోసారి పరుపులు మిద్దె మీద ఎండేసి కర్రతో దులిపేది. ఆ పని వెనక ఇంత సైన్సు ఉందని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఒక్క మాట, ఎండకు పురుగులు చస్తాయి గానీ వాటి మలం పోదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో, 60 డిగ్రీల దగ్గర ఉతికితే రెండూ పోతాయి. పరుపుకు, దిండుకు జిప్పు ఉన్న మందపాటి తొడుగులు దొరుకుతాయి. తుమ్ములున్నవాళ్లు చీపురు పట్టకపోవడం మేలు, తడిగుడ్డతో తుడవాలి.

పురుగొక్కటే కాదు, పుప్పొడీ ఉంది. ఫిబ్రవరి, మార్చిలో బెంగళూరు రోడ్లు టబేబుయా పూలతో గులాబీ రంగు పూసుకుంటాయి. ఫొటోలు తీసుకుంటూనే “ఈ పూల వల్లే తుమ్ములు” అంటారు. పాపం ఆ చెట్టుకు ఈ పాపం అంటదు. అది తేనెటీగల్ని పిలుచుకునే పువ్వు, దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో ఎక్కువ దూరం పోదు. ముక్కులకు చేటు చేసేవి ఎవరూ ఫొటో తీయని మొక్కలు. గడ్డి జాతులు, ఖాళీ ప్లాట్లలో, రైలుపట్టాల పక్కన పెరిగే పార్థీనియం. మన రైతులు దీనికి పెట్టిన పేరు వయ్యారిభామ. పేరులో ఉన్న వయ్యారం పనుల్లో లేదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను 1950ల్లో పుణె దగ్గర గుర్తించారు, దిగుమతి గోధుమలతో వచ్చిందని చెప్తారు. బెంగళూరును బాగా ఆక్రమించింది. ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనే దాని పుప్పొడి అలర్జీ మీద పరిశోధనలు జరిగాయి. దాన్ని తినే ఒక పెంకుపురుగును 1983లో మెక్సికో నుంచి తెప్పించి, మరుసటి ఏడాది బెంగళూరులో వదిలారు. పురుగు బతికింది, వ్యాపించింది, చాలా తిన్నది కూడా. వయ్యారిభామ ఇంకా ఇక్కడే ఉంది. వైట్‌ఫీల్డ్ వైపు గోడ కట్టి వదిలేసిన ఏ సైటులోకి తొంగిచూసినా తెల్లటి చిన్న పూలు ఊగుతూ కనిపిస్తాయి.

వీటికి తోడు ట్రాఫిక్ పొగ. పొగ దానంతట అది అలర్జీ కాకపోయినా, ముక్కు పొరను గీరి మిగతావాటికి దారి సులువు చేస్తుంది. బెంగళూరు పిల్లల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ తన ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్కలు ఇరవై ఏళ్లు రాసిపెట్టారు. 18 ఏళ్లలోపువాళ్లలో ఉబ్బసం 1979లో 9 శాతం ఉండేది, 1999కి 29.5 శాతం అయింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఊరంతటికీ అదే శాతం అనుకోకూడదు. కానీ వాహనాలు, అపార్ట్‌మెంట్లు పెరిగిన ఆ ఇరవై ఏళ్లలో అంకె ఏ వైపు పోయిందో చూడండి. అందుకే ‘వాతావరణం పడలేదు’ అనేది పూర్తిగా అబద్ధం కాదు. చేయగలిగింది ఏమీ లేదన్నట్టు దాన్ని ముగింపు మాటగా వాడటమే తప్పు.

సైనస్ గురించి రెండు ముక్కలు. “నాకు సైనస్ ఉంది” అంటారు. సైనస్ అందరికీ ఉంటుంది. పుర్రె ఎముకల్లో ముక్కు చుట్టూ ఉండే నాలుగు జతల ఖాళీ గదుల పేరు అది. వాటి దారులు మూసుకుని లోపల చీము పడితే సైనసైటిస్. జలుబు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో, బుగ్గల నొప్పితో తిరగబెడితే అప్పుడు దాన్ని అనుమానించాలి, యాంటీబయాటిక్ మాట అప్పుడు రావాలి. నెలకు రెండుసార్లు తల ఒక పక్క పగిలిపోతోంది, వెలుతురు చూడలేకపోతున్నా అనే ‘సైనస్ తలనొప్పి’ చాలాసార్లు మైగ్రేన్. ముక్కుదూలం వంకరగా ఉండటం చాలామందిలో మామూలే, గాలి ఆడనంతగా ఉంటే తప్ప దానికి ఆపరేషన్ అక్కర్లేదు. ఎప్పుడూ ఒకే పక్క దిబ్బడ, ఆ పక్క నుంచే రక్తం అయితే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.

మందుల దగ్గరికి వద్దాం. ఇక్కడ మన భయాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. అలవాటు కాని మందును అలవాటవుతుందని భయపడి మానేస్తాం, నిజంగా అలవాటయ్యేదాన్ని మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటాం.

నా విషయంలో అదే జరిగింది. ముక్కు దిబ్బడ వేస్తే నిద్ర పట్టేది కాదు. ఎవరో చెప్తే ముక్కులో వేసుకునే చుక్కలు కొన్నాను. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ పేర్లతో వచ్చేవి. అమృతమే! రెండు చుక్కలు, అయిదు నిమిషాలు, ముక్కు రెండూ హైవేలు. ఈ చుక్కలు ఉబ్బిన రక్తనాళాలను పిండినట్టు కుంచింపజేస్తాయి. ప్రభావం దిగగానే అవి ఇంకాస్త ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు. మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడకూడదని సీసా మీద చీమ అక్షరాల్లో ఉంటుంది. నేను అయిదు నెలలు వాడాను. జేబులో పర్సు మర్చిపోయినా సీసా మర్చిపోలేదు. చివరికి అలర్జీ పక్కకుపోయి, చుక్కలే నా జబ్బయ్యాయి. దీనికి వైద్యంలో ఒక పేరు కూడా ఉంది, మందు వల్ల వచ్చే ముక్కుదిబ్బడ అని. మానడానికి ఈఎన్‌టీ డాక్టరమ్మ చెప్పిన ఉపాయం, ఒక ముక్కుకు ఒకసారి చొప్పున మానడం, ఆ రోజుల్లో స్టెరాయిడ్ స్ప్రే తోడుగా వాడటం. మొదటి వారం నరకం. పది రోజులకు గాలి ఆడింది.

స్టెరాయిడ్ అనే మాట వినగానే అప్పుడు నేను కుర్చీలో వెనక్కి జరిగాను. మీరూ జరుగుతారు. ఫ్లూటికసోన్ స్ప్రే ఒక నొక్కుకు 50 మైక్రోగ్రాములు, మొమెటసోన్ కూడా అంతే. రెండు ముక్కుల్లో రెండేసి నొక్కులు అయితే రోజుకు 200 మైక్రోగ్రాములు. అందులో రక్తంలోకి చేరేది నూటికి రెండు వంతులు కూడా ఉండదు. అదే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాముల మాత్ర అంటే 10,000 మైక్రోగ్రాములు, దాదాపు అంతా రక్తంలోకి. మందుల బలాలు వేరు కాబట్టి ఈ అంకెల్ని నేరుగా భాగించకూడదు, అయినా తేడా ఎంత దూరమో తెలుస్తుంది. ఇంతకీ మెడికల్ షాపు పొట్లాల్లో, చుట్టూ కత్తిరించి పేరు కనపడకుండా ఇచ్చే చిన్న తెల్లమాత్ర స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఉంది. “ఆ షాపాయన మందు ఒక్క పూటకే పనిచేస్తుంది” అనే మంచి పేరు అలాగే వస్తుంది. అది మింగి, స్ప్రేకు భయపడేవాణ్ణి నేను.

స్ప్రే పనిచేయాలంటే రెండు షరతులు. మొదటిది ఓపిక. చుక్కల్లా అయిదు నిమిషాల్లో ఏమీ కాదు, పూర్తి ఫలితానికి వారం రెండు వారాలు రోజూ కొట్టుకోవాలి. చాలామంది మూడో రోజుకే ‘పనిచేయలేదు’ అని పడేస్తారు. రెండోది కొట్టుకునే తీరు. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మొన చెవి వైపు తిప్పి నొక్కాలి. నడి గోడ మీద కొడితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చకూడదు. గొంతులో చేదు తగిలిందంటే మందు కడుపులోకి పోయిందని అర్థం. కళ్లల్లో గ్లకోమా, శుక్లాలు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

యాంటీహిస్టమిన్ మాత్రలు మొదటి దెబ్బకు మందు. తుమ్ము, దురద, నీళ్లు తగ్గిస్తాయి. ఉబ్బుతో వచ్చే రెండో దెబ్బకు, అంటే దిబ్బడకు, అంతగా పనిచేయవు. “సిట్రజిన్ వేసుకున్నా ముక్కు తెరుచుకోలేదు” అనేది అందుకే. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతవి నిద్రమత్తు తెస్తాయి, ఔటర్ రింగ్ రోడ్డు మీద టూవీలర్ నడిపేవాళ్లకు అవి పనికిరావు. సిట్రజిన్, లెవోసిట్రజిన్ కొందరికి మత్తు ఇస్తాయి, ఫెక్సోఫెనడిన్ చాలా తక్కువ. మన దగ్గర లెవోసిట్రజిన్‌తో మాంటెలుకాస్ట్ అనే ఇంకో రకం అలర్జీ మందు కలిపిన మాత్ర శనగల్లా పంచుతారు. మాంటెలుకాస్ట్‌తో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికాలో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించారు. మామూలు ముక్కు అలర్జీకి మిగతావి పనిచేయకపోతేనే వాడమన్నారు. వేసుకున్నాక మనసు తీరు మారితే డాక్టర్‌కు చెప్పాలి.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం చవకైన మంచి పని. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే అయి ఉండాలి. ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించకూడదు. మెదడును తినే అమీబా అని వార్తల్లో వచ్చేది అరుదైనదే, కానీ దానికి దారి ముక్కే. ఆవిరి హాయినిస్తుంది, జబ్బును తగ్గించదు, మరిగే గిన్నె మీద పిల్లల్ని వంచితే ఒళ్లు కాలుతుంది. పెరుగు సంగతి అడుగుతారా? దుమ్ము పురుగుకూ పెరుగుకూ ఏ చుట్టరికమూ లేదు. నేను రెండేళ్లు మజ్జిగ లేకుండా సంగటి తిన్నాను, ఆ కోపం ఇంకా ఉంది.

పరీక్షలంటే, ముంజేతి మీద చుక్కలు వేసి సన్నగా గుచ్చే స్కిన్ ప్రిక్ టెస్ట్ మంచిది, 15, 20 నిమిషాల్లో ఫలితం. దానికి ముందు కొన్ని రోజులు యాంటీహిస్టమిన్ ఆపాలి. దద్దురు వచ్చిన ప్రతిదీ జబ్బుకు కారణం కాదు, లక్షణాలతో జోడించి చూడాలి. వందల పదార్థాలకు ఐజీజీ (ఐజీఈ కాదు, వేరే రకం యాంటీబాడీ) చూసి ‘వంకాయ వద్దు, గోధుమ వద్దు’ అని రాసిచ్చే ప్యానెళ్లకు డబ్బు తగలేయకండి, ఐజీజీ అలర్జీని చెప్పదు. ఏం వాడినా తగ్గనివాళ్లకు ఇమ్యూనోథెరపీ ఉంది. పడని పదార్థాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి శరీరానికి అలవాటు చేస్తారు. 1911లో లియోనార్డ్ నూన్ లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి. మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఇంజెక్షన్ అయితే తీసుకున్నాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి.

ఇక చిన్నాయన మాట. “నాకూ ఇట్లే మొదలైంది” అన్నది ఉత్త భయం కాదు. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకే దారి, ఒకే పొర. పైన మంట ఉంటే కింద కూడా ఉండొచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ ఉంటుంది. అలర్జీ ఉన్న ప్రతివారికీ ఉబ్బసం రాదు గానీ, రాత్రి రెండు మూడింటికి దగ్గుతో మెలకువ, మెట్లెక్కితే, పగలబడి నవ్వితే దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, వీటిలో ఏది ఉన్నా ఊదే పరీక్ష చేయించుకోవాలి. గొట్టంలోకి గట్టిగా ఊదించి, మందు పీల్పించి, మళ్లీ ఊదిస్తారు. మందు తర్వాత ఊపిరి బాగా మెరుగైతే ఉబ్బసం అని బలమైన ఆధారం. బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రి దగ్గరున్న రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ప్రభుత్వానిదే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉంటే అలర్జీ అనుకుని కూర్చోకుండా కఫం పరీక్ష చేయించుకోవాలి, టీబీ ఈ దేశంలో ఎక్కడికీ పోలేదు.

చిన్నాయన ఇరవై ఏళ్లు ఊపిరి గొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్ మాత్రలు మింగాడు. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. ఇన్‌హేలర్ మాటెత్తితే “అది చివరాఖరి మందు, ఒకసారి పట్టుకుంటే వదలదు” అనేవాడు. ఆయనకు నేను చెప్పిన లెక్క ఇది. మాత్ర 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్ ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. ఒక్క మాత్రలో 40 పఫ్‌ల మందు. కడుపులోకి పోయి, రక్తమంతా తిరిగి, చివరికి ఊపిరి గొట్టాలకు చేరేది కొంచెమే, మిగతాది చేతుల్ని, గుండెను వణికిస్తుంది. ఆ లెక్కకు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కిరాణా కొట్టు మనిషి, లెక్క బాగా తలకెక్కుతుంది.

ఇన్‌హేలర్‌లో పీల్చినా సాల్బుటమాల్ అప్పటికప్పుడు గొట్టాల్ని తెరిచేదే, లోపలి మంటను ఆర్పదు. ఆర్పేది పీల్చే స్టెరాయిడ్. అందుకే 2019 నుంచి ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాలు, పెద్దవాళ్లలో, కౌమారంలో ఉన్నవాళ్లలో ఒక్క సాల్బుటమాల్ మీదే బండి నడపొద్దంటున్నాయి. స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ తప్పనిసరి. బాగుంది కదా అని మానేయడం చాలామంది మళ్లీ ఎమర్జెన్సీకి వెళ్లడానికి ఒక కారణం. పీల్చే తీరులోనూ తిరకాసు ఉంది. నొక్కితే పొగలా వచ్చే రకాన్ని నెమ్మదిగా, లోతుగా పీల్చి పది సెకన్లు ఆపాలి, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం ఉంటే ఇంకా మేలు. క్యాప్సూల్ పొడి రకాన్ని వేగంగా, గట్టిగా లాగాలి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే మందు నాలుక మీదే మిగిలిపోతుంది. ఏదైనా సరే, స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, నీలం రంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఉపశమనం నాలుగు గంటలు కూడా నిలవకపోయినా ఇంటి వైద్యాలు ఆపి 108కి ఫోన్ చేయాలి. బెంగళూరులోనూ అదే నంబరు.

చిన్నాయన ఇప్పుడు పొద్దున, రాత్రి రెండు పఫ్‌లు పీలుస్తాడు. కొట్టు దగ్గర్నుంచి ఇంటికి ఆగకుండా నడుస్తాడు. ప్రతి ఏడాదీ మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదానికి పోవడం మాత్రం మానలేదు. ముప్పై ఏళ్ల అలవాటు, తోడుకు స్నేహితులు, తిరుగు ప్రయాణంలో బిర్యానీ. వద్దనడం నాకు చేతకాలేదు. మొన్న బయల్దేరేముందు ఫోన్ చేసి అడిగాడు, “కొరమీను మింగినంక ఆ పొద్దుటికి ఇన్‌హేలర్ ఆపాల్నా రా?”

“ఆపొద్దు చిన్నాయనా,” అన్నాను. “క్యూలో నిలబడేముందే రెండు పీల్చు.”